‘మీ గురించి చెప్పండి’ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? నల్లగొండ, పాలమూరు పట్టభద్రుల ఇంటర్వ్యూ కష్టాలు

సంక్షిప్తంగా: నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో డిగ్రీ, బీటెక్ పూర్తిచేసినవారు ఇంటర్వ్యూల్లో వెనకబడటానికి ఇంగ్లీషే కారణమని ఎక్కువమంది అనుకుంటారు. చదివిన విషయాన్ని ఎదుటి మనిషికి నోటితో వివరించే అలవాటు కాలేజీ రోజుల్లోనే తప్పిపోవడం అంతకన్నా పెద్ద కారణం. మందుల కంపెనీ, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ సంస్థ అడిగే తీరు వేరువేరుగా ఉన్నా, మూడుచోట్లా అభ్యర్థి తడబడేది మొదటి ప్రశ్నకు కాదు, దాని వెనకే వచ్చే రెండో ప్రశ్నకు. సన్నద్ధత అక్కడి నుంచి మొదలుకావాలి.

సర్కారు కొలువుల్లో పోయింది, ప్రైవేటులో నిలిచింది

ఇంటర్వ్యూ ఈ తరానికి ఇంత కొత్తగా అనిపించడానికి ఒక కారణం ప్రభుత్వ నియామకాల్లో వచ్చిన మార్పు. చిన్న ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎందుకని 2015 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట నుంచి ప్రశ్నించారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్-బి నాన్ గెజిటెడ్, గ్రూప్-సి పోస్టులకు ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ మంత్రివర్గం గ్రూప్-1, గ్రూప్-2 పోస్టులకు కూడా వాటిని తీసేయాలని నిర్ణయించింది. దాంతో గ్రూప్-1 మొత్తం మార్కులు 1000 నుంచి 900కు, గ్రూప్-2 మార్కులు 675 నుంచి 600కు తగ్గాయి.

ఈ నిర్ణయంలో న్యాయం ఉంది. రాతపరీక్షలో ముందున్న పేదింటి పిల్లలు ఇంటర్వ్యూ మార్కుల దగ్గర వెనకబడితే, పైరవీ జరిగిందా అన్న అనుమానం ఎప్పుడూ వెంటాడేది. ఆ అనుమానానికి ఇప్పుడు తావు లేదు. అయితే దీనికి ఇంకో పర్యవసానం ఉంది. జిల్లా గ్రంథాలయంలో పొద్దున కూర్చుని చీకటిపడ్డాక లేచే అభ్యర్థికి ఏళ్ల తరబడి నోరు విప్పాల్సిన అవసరమే రాదు. బిట్లు చదవడం, టెస్టులు రాయడం, కీ చూసుకోవడం, ఇంతే. ఆ దారి మూసుకుపోయి ప్రైవేటు వైపు తిరిగిన రోజున ఇంటర్వ్యూ గది ఎదురవుతుంది.

అక్కడ తప్పనిసరిగా వచ్చే ప్రశ్న, ‘డిగ్రీ అయ్యాక ఇన్నేళ్లు ఏం చేశారు?’ చాలామంది దీనికి సిగ్గుపడతారు, కొందరు లేని ఉద్యోగాన్ని రెజ్యూమెలో సృష్టిస్తారు. రెండూ అనవసరం. ఆ ఏళ్లు ఎలా గడిచాయో అందరి ముందూ జరిగిన చరిత్రే. 503 పోస్టులతో గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ పరీక్ష పెడితే, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చి, జూన్ 9న ప్రిలిమ్స్ మరోసారి నిర్వహించారు. ఒకే పరీక్షకు మూడుసార్లు సిద్ధమైన అభ్యర్థి ఈ తేదీలను మూడు వాక్యాల్లో చెప్పి, ‘ఇప్పుడు ఈ పని నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను, గత నాలుగు నెలల్లో ఇది నేర్చుకున్నాను’ అని ముగిస్తే అడిగినవారికి జవాబు అందుతుంది. ఖాళీ కాలాన్ని చూసి ఎవరూ అంతగా భయపడరు. దాని గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోతేనే అనుమానపడతారు.

వైవా పోయింది, దాంతో మాటా పోయింది

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఉస్మానియా కింద ఉన్న కాలేజీలు వీటి పరిధిలోకి వచ్చాయి. డిగ్రీ చదువు ఇంటికి దగ్గరైంది. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట లాంటి చోట్ల ఇంట్లో మొట్టమొదటి పట్టభద్రులైన ఆడపిల్లల సంఖ్య పెరగడానికి ఈ దగ్గరితనం చాలా తోడ్పడింది. 2016-17 నుంచి రాష్ట్రమంతటా సెమిస్టర్ పద్ధతి వచ్చింది.

నోటితో జవాబు చెప్పే సందర్భాలు ఈ చదువులో కాగితం మీద లేకపోలేదు. ప్రాక్టికల్ పరీక్షలో వైవా (నోటి పరీక్ష) ఉంది, సెమినార్ ఉంది, చివరి ఏడాది ప్రాజెక్టు ఉంది. ఆచరణలో ఇవి చాలాచోట్ల తంతుగా మారాయి. రికార్డు మీద సంతకం పడితే చాలు, వైవా మార్కులు పడిపోతాయి. ఒకరు చేసిన ప్రాజెక్టు రిపోర్టుకు అయిదుగురు అట్టలు మార్చుకుంటారు. పరీక్షల ముందు గైడు, పరీక్షలో రాత. సెమిస్టర్ అయిపోగానే మళ్లీ ఇదే వరస.

దీని ఫలితం ఇంటర్వ్యూలో కనిపిస్తుంది. ‘మీరు చదివిన దాంట్లో మీకు నచ్చిన టాపిక్ ఏది?’ అని అడిగితే 80 శాతం మార్కులున్న విద్యార్థి కూడా మౌనంగా ఉండిపోతాడు. తెలియక కాదు. తెలిసిన దాన్ని మాటల్లో పెట్టమని అంతవరకూ ఎవరూ అడగలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా రిహార్సల్ లేకుండా నేరుగా వేదిక ఎక్కించినట్టు ఉంటుంది ఆ పరిస్థితి. దీన్ని విద్యార్థి లోపంగా మాత్రమే చూడటం అన్యాయం.

అడిగేవారికి ఏం కావాలి?

ఇంటర్వ్యూలు మనిషి పనితనాన్ని ఎంతవరకు పట్టుకోగలవన్న దానిపై పారిశ్రామిక మనస్తత్వశాస్త్రంలో దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించారు. అందరినీ ఒకే క్రమంలో, ముందే అనుకున్న ప్రశ్నలతో అడిగే ఇంటర్వ్యూకూ ఆ తర్వాతి పనితీరుకూ ఉన్న సంబంధాన్ని 0.51గా, పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూకు 0.38గా లెక్కగట్టారు (0 అంటే సంబంధమే లేదని, 1 అంటే పూర్తిగా ఉందని). 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను సవరించి 0.42, 0.19 అని తేల్చింది. అంకెలు తగ్గినా, క్రమపద్ధతిలో అడిగే ఇంటర్వ్యూయే మెరుగన్న మాట ఇంకా బలపడింది.

అభ్యర్థికి దీంతో పనేమిటంటే, పెద్ద సంస్థలు ఈ రెండో దారి నుంచి మొదటి దారికి మళ్లుతున్నాయి. ‘మీ బలాలు, బలహీనతలు చెప్పండి’ అనే బదులు ‘గ్రూపులో ఎవరూ పని చేయనప్పుడు మీరేం చేశారో ఒక సంఘటన చెప్పండి’ అని అడుగుతున్నాయి. మొదటి ప్రశ్నకు బట్టీ జవాబు సరిపోతుంది. రెండోదానికి నిజంగా జరిగింది ఏదో ఒకటి కావాలి. అప్పటి పరిస్థితి ఏమిటి, తన మీద పడిన పని ఏది, ఏం చేశాడు, చివరికి ఏమైంది అన్న నాలుగు సంగతులు వరసగా వస్తే వినేవారికి మార్కు వేయడానికి ఆధారం దొరుకుతుంది.

మహబూబ్‌నగర్ వైపు బీకాం విద్యార్థి ఒకరు తండ్రితో పాటు పత్తి అమ్మడానికి కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రానికి వెళ్లాడనుకుందాం. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే కొనరు. అందుకని ఇంటి దగ్గరే పత్తిని ఆరబెట్టించడం, స్లాట్ చూసుకోవడం, డబ్బు బ్యాంకు ఖాతాలో ఎప్పుడు పడిందో లెక్క రాసుకోవడం అతను చేసిన పనులు. ఇది అతని దృష్టిలో ఇంటిపని. అకౌంట్స్ ఉద్యోగానికి పిలిచినవారి దృష్టిలో నాణ్యత, సమయం, వసూలు తెలిసిన మనిషి. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, పంక్చువల్’ అన్న రెండు మాటలకు లేని బరువు ఈ ఒక్క సంఘటనకు ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన పిల్లలు తమకు అనుభవం లేదని చెప్పడం ఇంటర్వ్యూల్లో జరిగే పెద్ద నష్టం.

పోలేపల్లి, చౌటుప్పల్: రెండో ప్రశ్న ఎలా పనిచేస్తుంది

ఈ ప్రాంతంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవారికి దగ్గరి ఉపాధి మందుల పరిశ్రమ. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి), హైదరాబాద్ దారిలో కొత్తూరు, విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ పరిసరాల్లోని కంపెనీలు ప్రొడక్షన్, క్యూసీ (నాణ్యత పరీక్ష), క్యూఏ (నాణ్యత హామీ) విభాగాలకు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెడుతుంటాయి. అక్కడి ప్రశ్నలు డిగ్రీ రెండో ఏడాది పుస్తకంలోవే. అయినా ఎక్కువమంది బయటికి వచ్చేస్తారు. ఎందుకో ఒక్క ప్రశ్నతో చూడవచ్చు.

‘0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక లీటరు ఎలా తయారుచేస్తారు?’ సోడియం హైడ్రాక్సైడ్ అణుభారం 40 కాబట్టి 4 గ్రాములు తూచి, నీళ్లలో కరిగించి, ఒక లీటరుకు తెస్తాం. ఇంతవరకు చాలామంది చెబుతారు. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: ‘సరిగ్గా 4 గ్రాములే తూచారు కదా, మళ్లీ స్టాండర్డైజ్ చేయడం ఎందుకు?’ ఇక్కడ మౌనం. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది, కాబట్టి తూచిన 4 గ్రాములు మొత్తం సోడియం హైడ్రాక్సైడే అని నమ్మడానికి లేదు. కాలేజీ ల్యాబులో ఆక్సాలిక్ ఆమ్లంతోనో, కంపెనీలో పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తోనో టైట్రేట్ చేసి అసలు గాఢత తేల్చేది అందుకే. ఆ టైట్రేషన్ విద్యార్థి స్వయంగా చేసే ఉంటాడు. రికార్డులో ఎయిమ్, ప్రొసీజర్, రిజల్ట్ రాసి ఉంటాడు. ఎందుకు చేస్తున్నామని తననెవరూ అడగలేదు, తానూ అడగలేదు.

ఇలాంటిదే మరొకటి. సల్ఫ్యూరిక్ ఆమ్లం 0.1 మోలార్ అయితే లీటరుకు 9.8 గ్రాములు, 0.1 నార్మల్ అయితే 4.9 గ్రాములు. ఎందుకు సగం అయిందో చెప్పగలిగినవారికి మోలారిటీ, నార్మాలిటీ తేడా అర్థమైనట్టే. నిర్వచనాలు ఒప్పజెప్పినవారికి అర్థమైందో లేదో చూసేవారికి తెలియదు.

మందుల కంపెనీల్లో ఇంకో రకం ప్రశ్న ఉంటుంది. అది కెమిస్ట్రీది కాదు, నమ్మకానిది. ‘రిజిస్టర్‌లో రీడింగ్ తప్పు రాశారు, ఏం చేస్తారు?’ వైట్‌నర్ పూస్తామన్నా, దాని మీదే దిద్దుతామన్నా, కాగితం చింపి కొత్తది రాస్తామన్నా ఇంటర్వ్యూ అక్కడితో ముగిసినట్టే. పాత అంకె కనపడేలా ఒకే గీతతో కొట్టివేయాలి, పక్కన సరైనది రాయాలి, కారణం రాసి, సంతకం, తేదీ వేయాలి. దేశవిదేశాల తనిఖీ సంస్థలు వచ్చి చూసే రికార్డులు కాబట్టి అంత పట్టుదల. కాలేజీ రికార్డులో రావాల్సిన ఫలితం వచ్చేలా అంకెలు సర్దుకునే అలవాటు ఉన్నవారికి ఇది వింతగా ఉంటుంది, అందుకే దీన్ని ముందే తెలుసుకోవాలి.

చివరగా షిఫ్టుల సంగతి. ‘నైట్ షిఫ్ట్ చేస్తారా?’ అన్నదానికి ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అన్న జవాబు ఆడపిల్లల నుంచి ఎక్కువగా వస్తుంది. అందులో తప్పు లేదు కానీ ఆ సంభాషణ ఇంట్లో ముందురోజే జరగాలి. కంపెనీ బస్సు ఏ ఊరి దాకా వస్తుంది, రాత్రి ఎన్ని గంటలకు దింపుతుంది, హాస్టల్ ఉందా అన్న ప్రశ్నలు అభ్యర్థే ఇంటర్వ్యూలో అడగవచ్చు. అలా అడిగితే ఉద్యోగం మీద నిజమైన ఆలోచన ఉందని అర్థమవుతుంది.

‘మీ గురించి చెప్పండి’

ఈ ప్రశ్నకు జిల్లా కాలేజీల్లో తరతరాలుగా ఒకే జవాబు అందుతూ వస్తోంది. ‘మైసెల్ఫ్’ అని మొదలై, ఊరి పేరు, నాన్న వ్యవసాయం, అమ్మ గృహిణి, హాబీలు క్రికెట్, పాటలు వినడం అన్నదాకా వచ్చి ఆగుతుంది. వ్యాకరణం సంగతి పక్కనపెడదాం. ఈ జవాబులోని అసలు లోటు, ఇందులో తదుపరి ప్రశ్న అడగడానికి ఏమీ లేకపోవడం. ఊరు, చదువు రెజ్యూమెలో ఎలాగూ ఉన్నాయి. ఏమీ దొరకని ఇంటర్వ్యూయర్ తన చేతిలో ఉన్న ప్రశ్నల పట్టికలోకి వెళ్లిపోతాడు. అక్కడి నుంచి సంభాషణ అభ్యర్థి చేతిలో ఉండదు.

నల్లగొండ జిల్లా అమ్మాయి జవాబు ఇలా ఉందనుకుందాం: ‘బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లతో ఇబ్బంది పడ్డ ప్రాంతం. అందుకే ప్రాజెక్టుగా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలవడం తీసుకున్నాను. ఆ పనిలో శాంపిల్ సేకరించడం, రీడింగులు రాయడం నేర్చుకున్నాను. అదే పని ఉన్న క్యూసీ విభాగంలో చేరాలనుకుంటున్నాను.’ ముప్పై సెకన్లు పట్టదు. ఇందులో ఊరు ఉంది, చదువు ఉంది, పని ఉంది, కావలసిన ఉద్యోగం ఉంది. ఇక ఇంటర్వ్యూయర్ అడిగేవన్నీ ఫ్లోరైడ్ చుట్టూనే తిరుగుతాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి అన్న జాతీయ ప్రమాణం ఆమెకు తెలిసి ఉండాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970లలో రూపొందించింది. దానికి పేరే ‘నల్గొండ టెక్నిక్’. దేశంలో కెమిస్ట్రీ తెలిసినవారు ఎక్కడున్నా ఈ పేరు వినే అవకాశం ఉంది. ఆ జిల్లా పట్టభద్రురాలు దాన్ని వివరించలేకపోతే అది పెద్ద లోటుగా కనిపిస్తుంది, వివరిస్తే ఆమె ఊరే ఆమెకు బలమవుతుంది.

రెజ్యూమె రాసేటప్పుడూ ఇదే లెక్క. అందులోని ప్రతి పంక్తీ ‘దీని గురించి అడగండి’ అని పిలిచినట్టే. అడిగితే రెండు నిమిషాలు చెప్పలేని మాటను అందులోంచి తీసేయడం మంచిది. పేజీ సగం ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.

ఇంగ్లీషు ఎంత, భయం ఎంత

రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటా ఒకటో తరగతి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది 2022-23లో. ఇప్పుడు డిగ్రీ పూర్తిచేస్తున్నవారిలో సర్కారు బడి నుంచి వచ్చినవారు చాలావరకు తెలుగు మీడియంలో పది చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకున్నవారే. చదివి అర్థం చేసుకోవడం వారికి వచ్చు, రాయడం కొంత వచ్చు, మాట్లాడే అవకాశం మాత్రం రాలేదు.

ఏ ఉద్యోగానికి ఎంత ఇంగ్లీషు కావాలో విడదీసి చూస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ప్లాంటులో మాటలు తెలుగు, హిందీలో సాగుతాయి, కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. అక్కడ చూసేది ఒక పేరా చదివి అర్థం చెప్పగలరా అని. బీపీఓ కాల్ ఉద్యోగంలో మాటే పని కాబట్టి ధారాళంగా రావాల్సిందే. సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ ఇంటర్వ్యూలో చిన్న చిన్న సరైన వాక్యాలు చాలు. బ్యాంకు ఇంటర్వ్యూలో భాషకన్నా విషయం మీద చూపు ఎక్కువ.

యాస గురించి పడే బాధ మరీ అనవసరమైనది. పుణె నుంచో చెన్నై నుంచో వీడియో కాల్‌లో కూర్చున్నవారికి పాలమూరు యాసకూ గుంటూరు యాసకూ తేడా తెలియదు. వారికి అడ్డం వచ్చేది వేగం, మాట చివర మింగేయడం. తెలియని మాట వచ్చినప్పుడు ‘ఆ ప్రశ్న మరోసారి చెబుతారా’ అని అడగడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అర్థం కాకుండానే తలూపడం మాత్రం దొరికిపోతుంది.

సాధన ఎలా అన్నదానికి జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు సూటిగా జవాబిస్తాయి. 2006లో రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికన్నా పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు వారం తర్వాత ఎక్కువ చెప్పగలిగారు. ఇంటర్వ్యూ జవాబులను నోటుబుక్కులో రాసి చదవడం మొదటి పద్ధతి. ఫోన్‌లో రికార్డర్ పెట్టి చూడకుండా చెప్పడం, విని మళ్లీ చెప్పడం రెండోది. ముగ్గురు స్నేహితులుంటే ఇంకా మేలు: ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, మూడోవారు ఎక్కడ ఆగారో రాయాలి. అడిగేవారికి ఒకే నియమం, ప్రతి జవాబు తర్వాత ‘ఎందుకు?’ అనో ‘ఎలా?’ అనో తప్పకుండా అడగాలి. మొదట విషయాన్ని తెలుగులో చెప్పి, అది తేలికగా వచ్చాక ఇంగ్లీషులోకి మారడం మంచి క్రమం. ఆలోచన తెలుగులోనే స్పష్టంగా లేనప్పుడు ఇంగ్లీషులో రాదు.

బ్యాంకు, సాఫ్ట్‌వేర్, బడి

ప్రభుత్వ బ్యాంకులకు ఐబీపీఎస్ సంస్థ జరిపే పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) నియామకంలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున బరువు ఉంటుంది. క్లర్కు పోస్టులకు ఇంటర్వ్యూ లేదు. ఇంటర్వ్యూ నూరు మార్కులకు, అందులో జనరల్ అభ్యర్థికి కనీసం 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35 శాతం రావాలి. ఒకరికి 45, మరొకరికి 65 వచ్చాయనుకుంటే తుది లెక్కలో తేడా 4 పాయింట్లు. అదే 4 పాయింట్లు మెయిన్స్‌లో సంపాదించాలంటే అక్కడి మార్కుల్లో 5 శాతం అదనంగా రావాలి. నెలల చదువుతో వచ్చే తేడా ఇరవై నిమిషాల్లో చేతులు మారుతుందన్నమాట. ఈ బోర్డులు సొంత జిల్లా గురించి అడగడం పరిపాటి. సాగర్ ఎడమ కాలువ కింద వరి, నల్లగొండ బత్తాయి, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చేనేత గురించి బ్యాంకు కోణంలో చెప్పగలగాలి. పంట రుణం మీద 7 శాతం వడ్డీ సకాలంలో కడితే 4 శాతానికి ఎలా తగ్గుతుందో తెలిస్తే, ఊళ్లో రైతు అడిగే ప్రశ్నకు జవాబు తెలిసినట్టే. బీకాం అభ్యర్థులు పాత గైడ్ల విషయంలో జాగ్రత్తపడాలి. జీఎస్టీలో 5, 12, 18, 28 అని నాలుగు శ్లాబులు ఒప్పజెప్పే కాలం 2025 సెప్టెంబర్ 22తో పోయింది. ఆ రోజు నుంచి ప్రధానంగా 5, 18 శాతాలు, కొన్ని వస్తువులకు 40 శాతం.

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న ప్రాజెక్టు మీద పడుతుంది. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కొనుక్కున్న ప్రాజెక్టు పేరు ఎంత ఘనంగా ఉన్నా, ‘ఈ టేబుల్‌లో ప్రైమరీ కీ ఏది? అదే ఎందుకు?’ అనగానే బయటపడుతుంది. సొంతంగా చేసిన కిరాణా దుకాణం ఖాతా ప్రోగ్రామ్ చిన్నదైనా ప్రతి పంక్తికీ కారణం చెప్పవచ్చు. ప్రైవేటు బడుల్లో ఇంటర్వ్యూ కన్నా డెమో క్లాసు ముఖ్యం. అక్కడ బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా ఉంటే సగం గెలిచినట్టు.

వంద కిలోమీటర్ల దూరం

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు. రిపోర్టింగ్ ఉదయం తొమ్మిదిన్నరకు అంటే ఇంట్లో నాలుగున్నరకు లేవాలి. నల్లగొండ వైపు నుంచి వచ్చేవారు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో లైను మారి హైటెక్ సిటీ, రాయదుర్గం చేరవచ్చు. మహబూబ్‌నగర్ వైపు ఆరాంఘర్ దాకా మెట్రో లేదు కాబట్టి ఇంకాస్త సమయం చేతిలో ఉంచుకోవాలి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. వరసగా నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లగలగడం దీంతో కొంత తేలికైంది. అలసటకు మాత్రం రాయితీ లేదు. నిద్రలేని ముఖంతో ఇచ్చే ఇంటర్వ్యూ, హాస్టల్ నుంచి పావుగంటలో వచ్చినవారి ఇంటర్వ్యూ ఒకటి కాదు. వీలుంటే ముందురోజే నగరంలో బంధువుల ఇంటికి చేరడం మేలు.

సర్టిఫికెట్ల చిక్కు దీనికన్నా పెద్దది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు ఒరిజినల్స్ ఆపుకోవడం వల్ల అభ్యర్థి జిరాక్సులతో ఇంటర్వ్యూకు వెళ్లాల్సి వస్తోంది. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న లెక్క ఇది. నష్టపోతున్నది ఇందులో ఏ తప్పూ లేని విద్యార్థి. ఇలాంటి స్థితిలో ప్రొవిజినల్, మార్కుల మెమోలు, కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒరిజినల్స్ తమ దగ్గర ఉన్నట్టు రాసిచ్చిన పత్రం వెంట ఉంచుకుని, హెచ్‌ఆర్‌కు ముందే చెప్పడం మంచిది. ఆఫర్ వచ్చాక చివరి నిమిషంలో చెబితే దాచినట్టు కనిపిస్తుంది.

ఆఫర్ చేతికొచ్చినప్పుడు

ఏడాదికి 2.4 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 20 వేలు చేతికి వస్తాయని అనుకోకూడదు. బేసిక్ 12 వేలు ఉంటే ఉద్యోగి పీఎఫ్ 1,440, కంపెనీ వాటా మరో 1,440. ఈ రెండూ చాలాచోట్ల ఆ 20 వేలలోనివే. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐకి 0.75 శాతం కోత ఉంటుంది. ‘నెలకు చేతికి ఎంత వస్తుంది?’ అని అడగడం మర్యాద తప్పడం కాదు. రూము అద్దె కట్టాల్సిన మనిషికి ఆ జవాబు కావాలి.

బాండ్లు కోర్టులో చెల్లవన్న మాట స్నేహితుల్లో బాగా తిరుగుతుంది. అన్నిసార్లూ అది నిజం కాదు. మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి సంతకానికి ముందు ఎన్నేళ్లు, ఎంత మొత్తం అన్నది చదివి తీరాలి. ఇక ఉద్యోగం ఇస్తామంటూ రిజిస్ట్రేషన్ ఫీజనో, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనో ముందుగా డబ్బు అడిగేవారు ఎవరైనా, ఆఫర్ లెటర్ ఎంత అందంగా ఉన్నా, అనుమానించాల్సిందే. డబ్బు పంపాక మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. తొలి గంటల్లో చెబితే ఆ సొమ్మును ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువ.

ఇకపై ఏం మారవచ్చు

మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు మొదలయ్యాయి. వాటిలో ఉద్యోగాలు పెరిగితే కొందరికైనా దూరం తగ్గుతుంది. మరోవైపు తొలి వడపోత రోజురోజుకూ ఆన్‌లైన్‌కు మారుతోంది. కొన్ని సంస్థల్లో తెర మీద ప్రశ్న కనపడుతుంది, ఎదుట మనిషి ఉండడు, ఒకటిన్నర నిమిషంలో జవాబు రికార్డు చేయాలి. నగరానికి వెళ్లే పని తప్పుతుంది కానీ ఊళ్లో సిగ్నల్, ఇంట్లో నిశ్శబ్దం కొత్త అవసరాలవుతాయి. తలూపి ప్రోత్సహించే ముఖం లేకుండా మాట్లాడటం కష్టం కాబట్టి దీనికి వేరే సాధన కావాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టాస్క్ కొన్నేళ్లుగా కాలేజీ విద్యార్థులకు నైపుణ్య శిక్షణ ఇస్తోంది. అది అందిన కాలేజీల్లో చివరి ఏడాది దాకా ఆగకుండా చేరడం లాభం.

అయితే ఎక్కువ ప్రభావం చూపగల మార్పుకు కొత్త పథకం, కొత్త నిధులు అక్కర్లేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు, వైవాకు మార్కులూ ఉన్నాయి. రికార్డు మీద సంతకం పెట్టే ముందు ప్రతి విద్యార్థినీ రెండు నిమిషాలు నిలబెట్టి, ‘ఈ టైట్రేషన్‌లో ఏం చేశావు?’ అని ఒకటి, ‘ఎందుకు చేశావు?’ అని మరొకటి అడిగితే, ముప్పై మంది ఉన్న బ్యాచ్‌కు గంట పడుతుంది. ఆరు సెమిస్టర్లలో రెండు మూడు సబ్జెక్టుల్లో ఇలా జరిగితే, పోలేపల్లి గేటు దగ్గర వరసలో నిలబడేసరికి ఆ విద్యార్థి రెండో ప్రశ్నకు పదిహేనుసార్లు జవాబు చెప్పి ఉంటుంది.